ఇద్దరే వెళ్తారు: చలికాలం కరీబియన్ కచేరీలకు బయల్దేరే జంటలకు చెప్పిన మాటలు

(న్యూజెర్సీలో ఒక ఆగస్టు సాయంత్రం, తెలుగు గాయనీగాయకులు, వాద్యకారులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గిటార్లు తెచ్చుకున్నవాళ్ళు వాటిని కిటికీ పక్కన పెట్టకండి, ఎండ తగులుతోంది. ఎండ సంగతి ఎలాగూ కాసేపట్లో వస్తుంది.

బయట ఇంత ఉక్కగా ఉంటే చలికాలం గురించి ఇప్పుడెందుకు మాట్లాడుకోవడం అనిపించవచ్చు. ఎందుకంటే కరీబియన్‌లో చలికాలపు కచేరీలు కుదిరేది ఈ రోజుల్లోనే. అక్కడ సీజన్ డిసెంబరు మధ్యలో మొదలై ఏప్రిల్ మధ్యదాకా నడుస్తుంది. తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకూ. సెప్టెంబరు, అక్టోబరుల్లో చాలా రెస్టారెంట్లు తలుపులు మూసేసి రిపేర్లు చేసుకుంటాయి. అంటే జనవరిలో ఎవరు పాడాలన్నది వాళ్ళు మూసే లోపే తేల్చుకుంటారు. డిసెంబరులో మంచు పడ్డాక ఇక్కడ మనకు ఆలోచన వస్తుంది. అప్పటికి అక్కడ పట్టికంతా నిండిపోయి ఉంటుంది. అందుకే ఆగస్టు.

ఒక మాట ముందే చెప్పేస్తాను, ఈ సాయంత్రమంతా దాని చుట్టూనే తిరుగుతాం. జంట అంటే ఇద్దరే. అయిదుగురి బృందంలో ఒకరి గొంతు పోతే మిగతా నలుగురు లాక్కొస్తారు. ఇద్దరిలో ఒకరి గొంతు పోతే? సగం కచేరీ పోయినట్టే. ఒక వైరు తెగితే సగం కచేరీ పోయినట్టే. మోసేది మీరిద్దరే, శృతి చేసేది మీరిద్దరే, వాన వస్తే కప్పేదీ మీరిద్దరే. ద్వీపంలో మూడో మనిషి లేడు. పరుగెత్తి కొనుక్కొద్దామంటే దుకాణం ఉంటుందని నమ్మకం లేదు. కాబట్టి ప్రతి వస్తువు గురించీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది పాడైతే రాత్రి ఏం చేస్తాం?

ఎక్కడికి వెళ్ళాలి అంటారా. మన ఊరి నుంచి వెళ్ళేవాళ్ళకు నేను మొదట చెప్పేది సెయింట్ జాన్. అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లో చిన్నది, జనాభా నాలుగు వేల లోపే. ద్వీపంలో సగానికి పైగా నేషనల్ పార్కు. విమానాశ్రయం లేదు. సెయింట్ థామస్‌లో దిగి, కారులో ద్వీపం తూర్పు కొసన ఉన్న రెడ్ హుక్‌కి వెళ్ళి, అక్కడ ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో సెయింట్ జాన్‌లోని క్రూజ్ బే. రేవు పక్కనే బార్లు, రెస్టారెంట్లు. ఒక గిటారు, రెండు గొంతులు అలాంటి చోటికి సరిగ్గా సరిపోతాయి. పెద్ద బ్యాండుకు అక్కడ నిలబడే జాగా కూడా ఉండదు. అన్నట్టు, అక్కడ కారు అద్దెకు తీసుకుంటే జాగ్రత్త. కార్లు అమెరికావే, స్టీరింగు ఎడమవైపే. నడపాల్సింది మాత్రం రోడ్డుకు ఎడమవైపు, ఇండియాలో లాగా.

1917లో డెన్మార్క్ నుంచి అమెరికా కొన్న ద్వీపాలివి. కాబట్టి అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు అక్కడ పాడటానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. ఇదే మీరు బార్బడోస్‌కో, సెయింట్ లూసియాకో, గ్రెనడాకో వెళ్తే వేరే దేశం. టూరిస్టుగా దిగి డబ్బు తీసుకుని పాడితే నేరం. పర్మిట్ కావాలి, దానికి దరఖాస్తు పెట్టాల్సింది సాధారణంగా మిమ్మల్ని పిలిచిన హోటలే. "మీరు వచ్చేయండి, ఇక్కడ చూసుకుందాం" అని ఎవరైనా అన్నారంటే వెళ్ళకండి. పర్మిట్ కాపీ చేతికొచ్చాకే టికెట్ కొనండి.

ఇప్పుడు ఈ గదిలో చాలామందికి వర్తించే మాట. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తనక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు. హెచ్-1బీ మీద ఉన్నవారు స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గర తప్ప ఇంకెక్కడా డబ్బుకు పని చేయకూడదు. సెయింట్ జాన్ అమెరికా నేలే కదా, అక్కడా అదే చట్టం. సెలవు పెట్టి వెళ్ళి వారానికి రెండు కచేరీలు చేసినా అది పనే. చిటికెడు టిప్పు డబ్బాలో పడినా అది సంపాదనే. హెచ్-4లో, అంటే హెచ్-1బీ వాళ్ళ భార్య లేదా భర్తగా ఉండి, పని అనుమతినిచ్చే ఈఏడీ కార్డు ఉన్నవారికి ఆ ఇబ్బంది లేదు, వాళ్ళు సొంతంగా కచేరీలు చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరికి అనుమతి ఉండి రెండోవారికి లేకపోతే ఏం చేయాలన్నది ముందు లాయరుతో మాట్లాడి తేల్చుకోండి. ఇందులో ఊహాగానాలు పనికిరావు.

ఇంకో ఉచ్చు ఉంది. సెయింట్ జాన్ ఉత్తర తీరంలో నిలబడితే ఎదురుగా జోస్ట్ వాన్ డైక్ అనే ద్వీపం కనిపిస్తుంది. ఈతకొట్టి వెళ్ళగలమేమో అనిపించేంత దగ్గర. అది బ్రిటిష్ వాళ్ళది. సెలవు రోజున సరదాగా పడవెక్కారనుకోండి, మీరు అమెరికా దాటి వెళ్ళినట్టే. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయి, వీసా హోదా ఆమోదం తెలిపే ఐ-797 కాగితంతో మాత్రమే ఉంటున్న హెచ్-1బీ మనిషి తిరిగి రావాలంటే స్టాంపింగు కావాలి. కెనడాకో మెక్సికోకో నెల లోపు వెళ్ళొస్తే ఉండే వెసులుబాటు ఈ ద్వీపాలకు వెళ్ళిన హెచ్-1బీ వాళ్ళకు వర్తించదు. కంటికి కనిపించే దూరమే కదా అని వెళ్ళి ఇరుక్కోకండి. వర్జిన్ ఐలాండ్స్ నుంచి ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు కూడా సెయింట్ థామస్ విమానాశ్రయంలోనే కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్ళు ఉంటారు. పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఐ-797, ఏది ఉంటే అది చేతిసంచిలో పెట్టుకోండి.

అదే కస్టమ్స్ బల్ల దగ్గర వాద్యం మాట కూడా వస్తుంది. మీ గిటారు జపాన్‌లో తయారైంది, తబలా ఇండియాలో తయారైంది. ద్వీపంలో కొన్నది కాదని ఎలా చెప్తారు? దీనికి అమెరికా కస్టమ్స్ వాళ్ళ సీబీపీ 4457 అనే చిన్న ఫారం ఉంది. బయల్దేరే ముందే వాద్యాన్ని కస్టమ్స్ ఆఫీసుకు తీసుకెళ్ళి సీరియల్ నంబరు చూపించి ముద్ర వేయించుకోవాలి. ఇక చెక్క సంగతి. గిటార్లలో వాడే రోజ్‌వుడ్ చెక్క మీద 2017 జనవరిలో వచ్చిన అంతర్జాతీయ ఆంక్షలు తయారైపోయిన వాద్యాలకు 2019 నవంబరు నుంచి లేవు. కానీ బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు, అది 1992 నుంచీ అతి కఠినమైన జాబితాలో ఉంది. పాత గిటారైతే, దంతం ముక్క ఏదైనా ఉంటే, అది ఇంట్లోనే ఉండనివ్వండి.

సరే, కాగితాలు చాలు. గాలి గురించి మాట్లాడుకుందాం. ఇది కాస్త నిదానంగా వినండి.

జనవరిలో మన ఇళ్ళల్లో హీటరు నడుస్తుంటే గాలిలో తేమ 20, 25 శాతానికి పడిపోతుంది. సెయింట్ జాన్‌లో సముద్రం పక్కన 75 శాతం. గిటారు చేసేవాళ్ళు కోరుకునేది 45 నుంచి 55. అంటే మీరు ఒక చివర నుంచి రెండో చివరకు నాలుగు గంటల విమానంలో దూకుతున్నారు. 25 శాతం తేమలో చెక్క తన బరువులో సుమారు 5 శాతం నీళ్ళు పట్టుకుని ఉంటుంది. 75 శాతంలో సుమారు 14. ఆ నీళ్ళన్నీ చెక్క ఎక్కడ దాచుకుంటుంది? అడ్డంగా ఉబ్బుతుంది. గిటారు పైపలక 40 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, దాన్ని ఎక్కడా అంటించకుండా వదిలేస్తే నాలుగైదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంచులు అంటించి ఉన్నాయి, పక్కకు పెరగలేదు. అందుకే పైకి ఉబ్బుతుంది, పూరీ పొంగినట్టు. తీగలు బిగించి ఉండే బ్రిడ్జి దానితో పాటు లేస్తుంది. తీగలు మెడ మీది లోహపు మెట్ల నుంచి, అంటే ఫ్రెట్ల నుంచి దూరమవుతాయి. వేళ్ళు నొప్పెడతాయి, శృతి పైకి పోతుంది.

ఇది మొదటి రోజే జరగదు. చెక్క నెమ్మదిగా తాగుతుంది, నాలుగైదు రోజులు పడుతుంది. చాలామంది చేసే తప్పు ఏమిటంటే దిగిన రోజే గిటారు మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే లోపలి కడ్డీని తిప్పేస్తారు. వారం తర్వాత మళ్ళీ తిప్పాల్సి వస్తుంది. వారం ఆగండి. ఆ తర్వాత కూడా ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకండి, తిప్పి ఒక రాత్రి వదిలేయండి. దానికంటే మంచి ఉపాయం, ఇక్కడే గిటారు రిపేరు చేసేవారి దగ్గర రెండో శాడిల్, అంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి పట్టీ, చేయించుకోవడం. అసలు దానికంటే ఒక మిల్లీమీటరు పొట్టిది. శాడిల్ మిల్లీమీటరు తగ్గితే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ అర మిల్లీమీటరు దిగుతుంది. వేలికి ఆ అర మిల్లీమీటరు చాలా పెద్ద తేడా. పొట్టి శాడిల్ సంచిలో గోరంత చోటు కూడా పట్టదు. అందరూ అర స్వరం కిందికి శృతి చేసుకుంటే ఇంకా హాయి, తీగల బిగువు పది శాతానికి పైగా తగ్గుతుంది. రోజూ మూడు గంటలు పాడే గొంతుకూ అది మేలు.

కార్బన్ ఫైబర్ గిటారు తీసుకెళ్ళొచ్చా? తీసుకెళ్ళొచ్చు, ఉంటే అదే తీసుకెళ్ళండి. అది ఉబ్బదు, ఎండదు. చెక్క నాదం రాదంటారు కొందరు. గాలి వీచే సముద్రపు ఒడ్డున, స్పీకర్ల గుండా వినేటప్పుడు ఆ తేడా నాదంలో కంటే శృతి నిలకడలో ఎక్కువ తెలుస్తుంది. నా అభిప్రాయం అది. తబలా, మృదంగం తీసుకెళ్ళేవాళ్ళకు మాత్రం దారి వేరే లేదు, చర్మం తేమకు సడలిపోతుంది. మన పల్లెల్లో డప్పును మంటకు కాచినట్టే ట్రినిడాడ్‌లో తాసా వాయించేవాళ్ళు తమ మేకతోలు వాద్యాన్ని మంటకు చూపిస్తారు. మీరు రెస్టారెంటులో మంట పెట్టలేరు కదా. సింథటిక్ మూతలున్న వాద్యమైనా, చేత్తో వాయించే చిన్న కహోన్ పెట్టె అయినా నయం.

ఏసీ గది ఇంకో ప్రమాదం. హోటల్ గదిలో ఏసీ 20 డిగ్రీల దగ్గర పెట్టుకుంటారు. బయట గాలి 28 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ గాలిలోని ఆవిరి 23 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా నీరుగా మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు బల్ల మీద పెడితే ఏమవుతుంది? మీ సౌండు మిక్సరు లోపల, మైకు లోపల, తీగల మీద అదే అవుతుంది. అందుకని గదిలోంచి తీసుకెళ్ళాక కేసు మూత తెరవకుండా అరగంట వదిలేయండి. మిక్సరును కూడా సంచిలోనే ఉంచి, వెచ్చబడ్డాక కరెంటు ఇవ్వండి. ఈ ఒక్క అరగంట ఓపిక పట్టక కాలిపోయిన సామాను చాలా ఉంది. కేసులో తేమను 49 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు పెడతారు కదా, అవి అక్కడ నీళ్ళు తాగి ఉబ్బిపోతాయి. ఇక్కడ నెలలు వచ్చేవి అక్కడ ఎక్కువ రోజులు రావు. రెట్టింపు తీసుకెళ్ళండి.

దోమల మందు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. అక్కడ డెంగీ ఉంది, సాయంత్రం మందు రాసుకోవాల్సిందే. కానీ డీఈఈటీ ఉన్న మందు రాసుకున్న మోచేయి గిటారు మీద ఆనిస్తే పాలిష్ కరిగిపోతుంది. ముఖ్యంగా పాత నైట్రో లక్క. చెయ్యి ఆనినచోట మొదట జిగురుగా అవుతుంది, తర్వాత మబ్బుపట్టిన తెల్లటి మచ్చ, దాని మీద చర్మపు గీతలు ముద్రపడినట్టు కనిపిస్తాయి. తుడిస్తే ఇంకా పాకుతుంది. ప్లాస్టిక్ నాబ్‌లు కూడా మెత్తబడతాయి. పికారిడిన్ అని ఉన్న సీసా కొనండి, అది ప్లాస్టిక్‌ని, లక్కని ముట్టదు. సన్‌స్క్రీన్ కూడా అంతే, రాసుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని, కుడిచేతికి పొడుగు చొక్కా తొడుక్కుని వాయించండి.

తీగలు? ఉప్పుగాలి, చెమట. పూత లేని కాంస్య తీగలు రెండు మూడు రాత్రులకే మూగబోతాయి. పూత ఉన్నవి వారానికి ఒక సెట్టు లెక్క వేసుకోండి. పది వారాలకు పన్నెండు సెట్లు, అదనంగా మొదటి తీగలు అరడజను. వాయించాక ప్రతి తీగనూ పొడి గుడ్డతో కింద నుంచి కూడా తుడవాలి. జాక్‌లకు, మైకు పిన్నులకు తుప్పు పట్టి గరగర మొదలవుతుంది. శుభ్రం చేసే స్ప్రే డబ్బా మంటపట్టేదైతే విమానంలోకి రానివ్వరు, చిన్న ట్యూబులో వచ్చే ద్రవం తీసుకెళ్ళండి. మార్చి తర్వాత కొన్ని తీరాల్లో సర్గాసమ్ అనే సముద్రపు నాచు కొట్టుకొచ్చి కుళ్ళుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. రాగిని, వెండిని నల్లగా చేసేస్తుంది. ఆ వాసన ఉన్న ఒడ్డున సామాను రాత్రంతా వదలకండి.

విమానం సంగతి త్వరగా చెప్పేస్తాను. అమెరికా విమానాల్లో, 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఎక్కే సమయానికి పైఅరలో చోటు ఉంటే గిటారును చేతి సామానుగా తీసుకోవాల్సిందే. చోటు ఉంటే! అందుకే ముందు ఎక్కే వరుస టికెట్టు కొనుక్కోండి. ఆ నిబంధన కాగితం మీద ముద్రించుకుని కేసులో పెట్టుకుంటే గేటు దగ్గర వాదన ఉండదు. కిందికి వేయాల్సి వస్తే గట్టి కేసు, తీగలు ఒకటి రెండు స్వరాలు దించి, తలకాయ కింద, మెడ కింద మడతపెట్టిన టీషర్టు పెట్టండి. గిటారు విరిగేది తలకాయ దగ్గరే. కేసు పడినప్పుడు ఆ తల ఊగి మెడ దగ్గర పుటుక్కుమంటుంది. ద్వీపం నుంచి ద్వీపానికి వెళ్ళే చిన్న విమానాలు వేరు. పంతొమ్మిది సీట్ల ట్విన్ ఆటర్‌లో గిటారు పట్టే పైఅర ఉండదు. సాబా ద్వీపానికి వెళ్ళే రన్‌వే పొడవు సుమారు 400 మీటర్లు, అక్కడ ప్రతి కిలో లెక్కే. ముందే ఫోన్ చేసి అడగండి. అదనపు లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్లు దాటితే విమానం కంపెనీ అనుమతి కావాలి. స్టాండ్లు, వైర్ల వంటి బరువులు సెయింట్ జాన్‌కైతే ప్రభుత్వ పోస్టులో పంపేయొచ్చు, దేశంలోపల పంపే లెక్కనే ధర పడుతుంది. ప్రైవేటు కొరియర్లు మాత్రం విదేశం లెక్కే కడతాయి.

కరెంటు. సెయింట్ జాన్‌లో మన ఇంట్లో లాగే 110 వోల్టులు, 60 హెర్ట్జ్. కానీ మీరు అక్కడే ఆగరు కదా, వచ్చే ఏడు ఇంకో ద్వీపం. జమైకా 110 వోల్టులే, 50 హెర్ట్జ్. సెయింట్ లూసియా, గ్రెనడా 230 లేదా ఆ పైన, 50 హెర్ట్జ్, ఇంగ్లండు మూడుకాళ్ళ ప్లగ్గు. సెయింట్ మార్టిన్ అయితే ఒకే ద్వీపం, డచ్చి వైపు 110, ఫ్రెంచి వైపు 220. ఒక వంతెన దాటారు, ఒక కొండ దిగారు, కరెంటు రెట్టింపు. మీ మిక్సరు వెనక, స్పీకరు వెనక చిన్న అక్షరాల్లో 100 నుంచి 240 అని ఉందా? ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే అది 230కి పెట్టగానే పొగ. అందరూ మర్చిపోయేది ఎక్స్‌టెన్షన్ బోర్డు. అమెరికా సర్జ్ ప్రొటెక్టర్ బోర్డులో 120 వోల్టులకు చేసిన చిన్న గుండ్రటి ముక్కలుంటాయి. 230 తగలగానే అవి మాడిపోతాయి. స్పీకర్లకు ఏమీ కాకపోయినా బోర్డు కాలి కచేరీ ఆగుతుంది. సర్జ్ లేని, 250 వోల్టులు అని రాసి ఉన్న బోర్డు పట్టుకెళ్ళండి.

ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. ఒడ్డునున్న బార్లలో ఎర్తు సరిగా ఉండకపోవచ్చు. పెదవి మైకుకు తగలగానే చురుక్కుమంటే పాట ఆపేయండి. ఆపేయండి, అంతే. గిటారు ఒక ప్లగ్గు నుంచి, మైకు మిక్సరు ఇంకో ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటూ ఉంటాయి, మధ్యలో మీరు. అన్నిటినీ ఒకే బోర్డుకు తగిలించండి. హమ్ వస్తోందని ఎర్తు పిన్ను ఎప్పుడూ కోయకండి. ప్లగ్గులో గుచ్చి దీపాలు చూసే పరీక్ష పరికరం చవకైనదే, అది జేబులో ఉండాలి. ఇసుక తడిగా ఉంటుంది, చెప్పుల్లేకుండా నిలబడకండి.

ఇప్పుడు వేదిక. వాణిజ్య పవనాలు అని బడిలో చదువుకున్నాం గుర్తుందా? అవి అక్కడ తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి రోజంతా వీస్తాయి. డిసెంబరు, జనవరిలో ఇంకా గట్టిగా వీస్తాయి, అక్కడివాళ్ళు వాటిని క్రిస్మస్ గాలులంటారు. వెళ్ళగానే చేయాల్సిన మొదటి పని, సామాను దించకముందే నిలబడి గాలి ఎటునుంచి వస్తోందో చూడటం. గాలి మీ వీపుకు తగిలేలా నిలబడండి. అప్పుడు పాట గాలితో పాటు జనం మీదికి వెళ్తుంది. ఎదురుగాలికి పాడితే శబ్దం పైకి వంగి జనం తలల మీదుగా పోతుంది, పైగా మైకులో దబదబమని గాలి కొడుతుంది. మైకుకు నురుగు తొడుగు, మిక్సరులో 100 హెర్ట్జ్ దగ్గర లో కట్, అంటే అంతకంటే లోతైన శబ్దాల కోత. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకులు చాలు, కండెన్సరు మైకులు బయట పనికిరావు. వీపుకు గాలి ఉంటే స్పీకర్లు జనం వైపు పడతాయి, కాబట్టి స్టాండుకు బరువు కట్టాలి. ఇసుక సంచులు అనుకుంటున్నారా? అక్కడ ఒడ్డు ఇసుక తీయకూడదు. నాలుగు లీటర్ల ఖాళీ నీళ్ళ డబ్బాలు రెండు అడగండి, నింపితే ఒక్కోటి నాలుగు కిలోలు. అవే డబ్బాలు, అవే నీళ్ళు వారమంతా వాడుకోండి. సెయింట్ జాన్ ఇళ్ళల్లో వాననీళ్ళు పట్టి దాచుకుని బతుకుతారు, నీళ్ళు పారబోస్తే ఊరుకోరు.

నీడ కోసం చెట్టు కింద సామాను పెడతారు. మాంచినీల్ అనే చెట్టు ఉంది, పచ్చటి చిన్న ఆపిల్ లాంటి కాయలు. దాని పాలు ఒంటి మీద పడితే బొబ్బలు, వానలో దాని కింద నిలబడినా సరే. చాలాచోట్ల మానుకు ఎర్ర రంగు పట్టీ వేసి ఉంటారు. ఎర్ర పట్టీ కనిపిస్తే వేరే చెట్టు. కొబ్బరి చెట్టు కిందా వద్దు, కోనసీమవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పాటలు టాబ్లెట్‌లో చూసి పాడేవాళ్ళు దాన్ని ఎండలో పెట్టకండి, ఐప్యాడ్ 35 డిగ్రీల వాతావరణం వరకే పని చేసేలా చేసింది, ఎండ పడితే నల్లబడి ఆరిపోతుంది. మొదటి సెట్టు పాటలు కాగితం మీద కూడా ఉండాలి.

వాన అయిదు, పది నిమిషాల జల్లు. వచ్చి వెళ్ళిపోతుంది. కానీ వచ్చేటప్పుడు చెప్పదు. ఎవరు ఏం చేయాలో ముందే పంచుకోండి. ఒకరు కరెంటు బోర్డు తీసేసి మిక్సరు మీద కప్పాలి, ఇంకొకరు గిటారు కేసులో పెట్టి స్పీకర్ల మీద కప్పాలి. రెండు షవర్ కర్టెన్లు చాలు, తేలిక, మడిస్తే పుస్తకమంత.

ఇక సంగీతం. ఇక్కడ మన శిక్షణే కొంచెం అడ్డొస్తుంది, జాగ్రత్తగా వినండి. మనకు సమం అంటే ప్రాణం. మొదటి దెబ్బ మీద బరువంతా వేస్తాం. జమైకా సంగీతమైన రెగేలో సాధారణంగా మొదటి దెబ్బ ఖాళీ. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే గిటారు తెగిన స్వరం రెండు మీద, నాలుగు మీద. పెద్ద డ్రమ్ము మూడు మీద. ఒకటి మీద ఎవరూ లేరు. తొడ మీద తాళం వేస్తూ ఇప్పుడే ప్రయత్నించండి. ఒకటి, అక్కడ చేయి గాల్లో ఆపండి. ఆ ఆపడం రాకపోతే ఎన్ని పాటలు నేర్చినా అది రెగే కాదు, అక్కడ కూర్చున్నవాళ్ళకు మొదటి నిమిషంలో తెలిసిపోతుంది. గిటారు మీద ఎడమచేతి వేళ్ళు కొట్టగానే వదలాలి, స్వరం మోగకూడదు, తెగాలి.

ట్రినిడాడ్ పాటలైన కాలిప్సో మనకు దగ్గర. ఎనిమిదిని మూడు, మూడు, రెండుగా విరవండి. తకిట తకిట తక. ఆది తాళం ఎనిమిది అక్షరాల మీద ఈ విరుపు వేసి చూడండి, మృదంగం తెలిసినవాళ్ళకు అయిదు నిమిషాల పని. ఆ ద్వీపాలతో మనకు బంధం కూడా ఉంది. ట్రినిడాడ్‌కు 1845లో, గయానాకు 1838లో మొదలై మన దేశం నుంచి కూలీల ఓడలు వెళ్ళాయి. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇవాళ్టికీ గయానాలో మద్రాసీ అని పిలిచే వాళ్ళ కాళీమాయి పూజల్లో మోగే వాద్యం పేరు 'తప్పు'. మన తప్పెటే. కాబట్టి అక్కడి సంగీతాన్ని పర్యాటకుల కోసం చేసే హంగామాలా పాడకండి. నేర్చుకుని పాడండి. ఇనప పీపాతో చేసిన స్టీల్ పాన్ వాయించే స్థానికుడు ఎవరైనా ఒక సెట్టులో మీతో కూర్చుంటానంటే సంతోషంగా ఒప్పుకోండి, టిప్పుల డబ్బాలో మూడో వాటా పెట్టండి.

ఒక సాయంత్రం అంటే సాధారణంగా మూడు సెట్లు, ఒక్కోటి 45 నిమిషాలు, మధ్యలో పావుగంట. సెట్టుకు పది పన్నెండు పాటలు. జనవరిలో అక్కడ సూర్యుడు ఆరింటికి కాస్త అటూ ఇటూగా అస్తమిస్తాడు. మొదటి సెట్టు ఆ వెలుగులో పడేలా చూసుకోండి, నెమ్మది పాటలు. జనం తింటూ ఉంటారు, మాట్లాడుకోనివ్వండి. మూడో సెట్టులో లయ పెంచండి. అదే కుటుంబం వారం రోజులు అక్కడే ఉండి మూడు రాత్రులు మీ దగ్గరికే వస్తుంది. అందుకని తొంభై, వంద పాటలు లేకుండా బయల్దేరకండి. గోడలు లేని చోట గొంతు మనకే వినపడదు, తెలియకుండా అరుస్తాం, నాలుగో రోజుకు గొంతు బొంగురు. మోకాలి ఎత్తులో చిన్న మానిటరు స్పీకరు మీ వైపు తిప్పి పెట్టుకోండి. ఇద్దరూ ప్రధాన గాయకులుగా కనీసం నలభై పాటలు ఒంటరిగా పాడగలగాలి. ఒకరికి జలుబు చేసిన రాత్రి రెండోవారు లాగాలి కదా.

డబ్బు మాట చెప్పి ముగింపుకు వస్తాను. ఒప్పందంలో 'డాలర్లు' అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకండి. ఏ డాలరు? తూర్పు కరీబియన్ డాలరు 1976 నుంచీ 2.70కి ఒక అమెరికా డాలరు. వెయ్యి అనుకుని వెళ్తే చేతికొచ్చేది 370. బార్బడోస్ డాలరు రెండుకు ఒకటి. సెయింట్ జాన్‌లో అమెరికా డాలరే, ఆ బాధ లేదు. కానీ సీజన్‌లో గది దొరకడం అక్కడ అన్నిటికంటే కష్టం, అద్దె మీ సంపాదనంతా తినేస్తుంది. గది ఇచ్చే చోట తక్కువ డబ్బుకైనా ఒప్పుకోవడం లాభం. వానకు కచేరీ ఆగితే ఎంత ఇస్తారు, భోజనం ఇద్దరికీనా, స్పీకర్లు ఎవరివి, ఎన్ని గంటలకు ఆపాలి, ఎన్ని రోజుల ముందు చెప్పి రద్దు చేయొచ్చు, ఇవన్నీ ఈమెయిల్‌లో రాయించుకోండి. అక్కడ వ్యాపార లైసెన్సు మీకు కావాలా, రెస్టారెంటు లైసెన్సు కింద సరిపోతుందా అన్నది కూడా. ఇక్కడ నివాసం ఉంటూ వర్జిన్ ఐలాండ్స్‌లో సంపాదించినవాళ్ళు పన్ను దాఖలు చేసేటప్పుడు 8689 అనే ఫారం జత చేయాలి, మీ అకౌంటెంటుకు ఆ నంబరు చెప్పండి.

ఆఖరుగా, తిరుగు ప్రయాణం. వాద్యాలు చీలేది అక్కడ కాదు, ఇంటికొచ్చాక. పది వారాలు తేమ తాగిన చెక్కను మార్చిలో హీటరు నడిచే గదిలో, 25 శాతం గాలిలో ఒక్కసారిగా తెరిస్తే పైపలక మధ్యలో చీలుతుంది. విమానం పొట్టలో చల్లబడిన లక్క వెచ్చటి గదిలో గాజు పగిలినట్టు సన్నటి గీతలు పడుతుంది. ఇంటికి రాగానే బంధువులకు చూపించాలని కేసు తెరవకండి. మూసిన కేసును ఒక రాత్రి, ఒక పగలు అలాగే వదలండి. తెరిచే ముందు గదిలో హ్యూమిడిఫయరు పెట్టి తేమ 45 దగ్గరకు తెండి. కేసులో కొత్త ప్యాకెట్లు వేయండి, పాతవి నీళ్ళతో నిండి ఉంటాయి. వారం తర్వాత పొట్టి శాడిల్ తీసి పాతది పెట్టండి. మరిచిపోయి పొట్టిదే ఉంచితే, చెక్క కుంగి తీగలు ఫ్రెట్లకు తగిలి జివ్వుమంటాయి.

కిటికీ పక్కన గిటారు ఇంకా అక్కడే ఉంది, ఎవరిదండీ అది? కాస్త ఇవతలికి జరపండి. ఇక మీ ప్రశ్నలు.